గోంగూర తోటకు క్వాడ్ బైకు

మిల్టన్ కీన్స్‌లో మా వీధి చివరింట్లో ఉండే విద్యాసాగర్‌ది తప్పులు పట్టే ఉద్యోగం. రీడింగ్ అనే ఊళ్ళో ఒక కంపెనీకి కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్ ముందేసుకుని, ఇక్కడ నొక్కితే అక్కడ పాడవుతోంది, అక్కడ నొక్కితే ఇక్కడ ఆగిపోతోంది అని చెప్పడమే అతని పని. ఆ పనిలో గట్టివాడని పేరు. ఆఫీసు గుమ్మం దాటాక మాత్రం అతనికి ఈ లోకంలో ఏ తప్పూ కనిపించదు. సూపర్ మార్కెట్లో ట్రాలీ తగిలితే ట్రాలీకే సారీ చెబుతాడు. మా పాత సోఫా కొనడానికొచ్చి, దానికి ఒక కాలు లేదని మేమే చెబితే, "మిగతా మూడూ ఎంత గట్టిగా ఉన్నాయో చూడండి ఆంటీ" అని మేమడిగిన దానికన్నా ఎక్కువిచ్చి పట్టుకెళ్ళాడు.

చిలకలూరిపేట దగ్గర పల్లె అతనిది. రెండువేల ఎనిమిదిలో మాస్టర్స్ చదవడానికి లీసెస్టర్ వచ్చాడు. పగలు కాలేజీ, సాయంత్రం ఒక టేక్‌అవే హోటల్లో గిన్నెలు కడగడం. ఆ పక్కనే కూరగాయల కొట్టు. కొట్టు నడిపే గుజరాతీ పెద్దావిడ శనివారం షట్టర్ వేసే ముందు మిగిలిన ఆకుకూరలన్నీ ఒక సంచిలో వేసి ఇతని చేతిలో పెట్టేదట. ఒకసారి "మీ వైపు కూర ఏది కావాలో చెప్పు నాయనా, తెప్పిస్తాను" అంది. గోంగూర అన్నాడు. ఆవిడ తెలిసిన మార్కెట్లన్నిట్లో వాకబు చేయించి, దొరక్కపోతే, తనేదో తప్పు చేసినట్టు మొహం చిన్నబుచ్చుకుందట. ఈ దేశంలో గోంగూర పండించాలని విద్యాసాగర్ ఆ పూటే అనుకున్నాడు. ఒక్కొక్కరు ఒక్కో కారణానికి సేద్యంలో దిగుతారు. ఇతను ఒక పెద్దావిడ మొహం చూడలేక దిగాడు.

ఉద్యోగం వచ్చాక, హైమతో పెళ్ళయ్యాక, ఇల్లు కొన్నాక ఊరికి అవతల రెండెకరాలు కౌలుకి తీసుకున్నాడు. అందులో ప్లాస్టిక్ పట్టా కప్పిన పొడుగాటి గుడారాలు రెండు. వాటి లోపల గోంగూర, చుక్కకూర, బచ్చలి, పచ్చిమిర్చి. సెలవు రోజుల్లో రీడింగ్ నుంచి, లీసెస్టర్ నుంచి కూడా మనవాళ్ళు కార్లేసుకుని వచ్చి కట్టలు కట్టలు పట్టుకెళ్ళేవారు. తీసుకెళ్ళినవాళ్ళు మరుసటి వారం పచ్చడి చేసి ఒక గిన్నెడు అతనికి తెచ్చిచ్చేవారు. హైమ వాళ్ళింట్లో గోంగూర పచ్చడి ఎప్పుడూ పది ఇళ్ళ రుచుల్లో ఉండేది.

ఇబ్బందల్లా దారితోనే. రోడ్డు మీది గేటు నుంచి గుడారాల దాకా వాలుగా పొడుగాటి మట్టిబాట. బంకమట్టి. వాన పడితే కారూ వెళ్ళదు, వ్యానూ వెళ్ళదు. ఎరువు బస్తాలు లోపలికి, కూర పెట్టెలు బయటికి, అన్నీ ఒంటి చక్రం తోపుడుబండిలో వేసుకుని విద్యాసాగర్ ఒక్కడే నెట్టేవాడు. రెండువేల పదహారులో, చలి ఇంకా తగ్గకముందే, ఒక బస్తా ఎత్తబోయి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. అలాగే వంగి నడుచుకుంటూ డాక్టరు దగ్గరికి వెళ్ళి చూపించుకుంటే, ఇకమీదట బరువు ఎత్తావంటే కోత తప్పదని చెప్పాడు.

హైమ ఒక వృద్ధాశ్రమంలో కేరర్‌గా చేస్తుంది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ తేల్చి చెప్పేసిందట. "చూడండి, నేను పొద్దున్నే లేచి వాళ్ళనీ వీళ్ళనీ మంచం మీంచి లేపడానికి పోతున్నా. ఇంటికొచ్చి మిమ్మల్ని కూడా లేపాలా? మోసే బండైనా రావాలి, పొలమైనా పోవాలి."

పొలం ఆసామి కూడా ఇంకో ఏడాదికి కౌలు ఉంచుకుంటావో వదిలేస్తావో సోమవారం లోపు చెప్పమన్నాడు. నారు పోసే రోజులు. వదిలేస్తే ఆ నేల గుర్రాలు మేపుకునేవాళ్ళకి ఇచ్చేస్తాడట.

క్వాడ్ బైకు అంటే మోటారు సైకిల్‌కి నాలుగు లావుపాటి చక్రాలు తొడిగినట్టుంటుంది. ఇక్కడ గొర్రెల రైతులు దాని మీదే తిరుగుతారు. బురదని లెక్కచేయదు, వెనక చిన్న ట్రెయిలర్ తగిలిస్తే ఎంత బరువైనా లాగుతుంది. కొత్తది మన తాహతు కాదు. పాతవి రెండు చూశారు. ఒకటి వీళ్ళు వెళ్ళేసరికే అమ్ముడైపోయింది. రెండోదానికి చట్రం మీది నంబరు ఎవరో ఆకురాయితో గీకేశారు. "పాపం తుప్పు పట్టిందేమో" అన్నాడు విద్యాసాగర్. "దొంగ బండి" అంది హైమ. ఇక మిగిలింది ఒక్కటే. పశువుల దాణా అమ్మే కొట్టు బోర్డు మీద చేత్తో రాసిన చీటీలో చూశాడు. 'క్వాడ్ బైకు అమ్మబడును. అలసిపోయింది కానీ నిజాయితీ గలది. ధర వచ్చి మాట్లాడుకోవచ్చు.' అంతే రాసుందట.

శనివారం పొద్దున హైమ డ్యూటీకి వెళ్తూ మా తలుపు తట్టింది.

"ఆంటీ, ఈయన ఒక్కడే వెళితే వాళ్ళడిగిన దాని మీద ఇంకో వంద వేసిచ్చి వస్తాడు. పదిహేను వందల పౌన్లు దాటడానికి లేదు మాకు. నాన్నని తోడు పంపుతున్నా. మీరు కూడా వెళ్ళండి."

"నాకు బండ్ల గురించేం తెలుసమ్మా?"

"నాన్నకి మాత్రం ఏం తెలుసు? మీరు ఊరికే కూర్చోండి చాలు. పెద్దవాళ్ళు పక్కనుంటే ఇద్దరూ కుదురుగా ఉంటారు."

హైమ నాన్న కోటయ్యగారు వినుకొండ వైపు మనిషి. వయసంతా ఎద్దుల సంతల్లో గడిపారు. కూతుర్ని చూడటానికి ఆర్నెల్ల వీసా మీద వచ్చారు. ఆ రోజు తెల్లపంచె మీద అల్లుడి ఉన్ని కోటు, తలకి మంకీ క్యాపు, భుజాన తువ్వాలు, చేతిలో ఒక సంచి. నేను నా వంతుగా కుంకుమ భరిణె, ఒక కొబ్బరికాయ పట్టుకున్నాను. కొత్త బండి ఇంటికొస్తుంటే ఉత్త చేతుల్తో ఎదురెళ్ళకూడదు కదా.

కారు రౌండబౌట్లు దాటుతుంటే ముందు సీట్లోంచి కోటయ్యగారు పాఠం మొదలుపెట్టారు.

"అల్లుడు గారూ, అక్కడ దాన్ని చూడంగానే నవ్వబాకండి."

"నవ్వను మామయ్యా."

"బాగుందని అనబాకండి."

"అనను."

"థాంక్యూ అనబాకండి."

విద్యాసాగర్ ఒక రౌండబౌట్ చుట్టూ తిరిగేదాకా ఆలోచించాడు. "అదొక్కటీ కష్టం మామయ్యా."

డెరెక్ గారని, బండి ఆయనది. పొడుగు మనిషి, కాస్త వంగారు. నెత్తిన టోపీ, చేతులకి గ్లవ్స్. భార్య పోయిందట. కిందటి ఏడాది గొర్రెలన్నీ అమ్మేశారట. మమ్మల్ని చూడగానే గేటు తీసి, కోటయ్యగారి కాన్వాసు బూట్లు చూసి, వెళ్ళి ఒక చెక్క తెచ్చి బురద మీద అడ్డంగా వేశారు. నాకు లోపల్నించి కుర్చీ తెచ్చారు. వేసే ముందు దాన్ని తన కోటు చేతితో తుడిచారు. ఇంకా బండి చూడనే లేదు, నేను మనసులో ఆ మనిషికి ఒక దణ్ణం పెట్టుకున్నాను.

బండి పాక ముందు ఉంది. ఒకప్పుడు ఎర్రది. సీటు చిరిగితే నల్ల టేపు వేశారు.

"పొద్దుట్నుంచి స్టార్టు చెయ్యలేదు," అన్నారు డెరెక్ గారు. "ఇంజను మీద చెయ్యి పెట్టి చూడు. అమ్మేవాళ్ళు కొందరు ముందే వేడిచేసి పెడతారు, చల్లగా ఉన్నప్పుడు రోగం బయటపడుతుందని."

"ఫర్లేదండీ, మీ మాట చాలు," అన్నాడు విద్యాసాగర్.

"చాలదు. పెట్టు."

విద్యాసాగర్ అరచెయ్యి పెట్టాడు. చల్లగా ఉందన్నాడు.

"ఇప్పుడా ముందు చక్రం పట్టుకుని ఊపు. నడుం జాగ్రత్త, కూర్చుని ఊపు."

ఊపాడు. "కొంచెం వదులుందనుకుంటానండీ. కొంచెమే."

"కొంచెం కాదు. బేరింగు పోయింది. ఇంకా గట్టిగా ఊపు, తెలుస్తుంది. ఆ వెనక ఇనప చట్రం చూడు. రెండుసార్లు విరిగింది, రెండుసార్లు నేనే అతికించా. అతుకు బాగుండదు. వెనక బ్రేకు తీగ సాగిపోయింది."

"సాగితే ఏముందండీ, ఏదైనా వాడితే సాగుతుంది."

"నువ్వు కొనడానికొచ్చావా, దాన్ని వెనకేసుకు రావడానికొచ్చావా?" అన్నారు డెరెక్ గారు. తన చేతిరుమాలుతోనే చట్రం మీద మట్టి తుడిచి, కింద నంబరు చూపించి, బండి కాగితంలో ఉన్నదానితో అక్షరం అక్షరం సరిచూసుకోమన్నారు. సరిపోయింది.

ఇంతసేపూ కోటయ్యగారు దగ్గరికి రాలేదు. దూరంగా ఒక రాయి మీద గొంతుక్కూర్చుని బండి వైపే చూస్తున్నారు.

"ఆయనేం చేస్తున్నారు?" అని అడిగారు డెరెక్ గారు.

విద్యాసాగర్ మొహమాటపడ్డాడు. "మా మామగారు ఎద్దుల బేరాలు చేసేవారండీ. ముందు మనల్ని దానికి అలవాటు పడనివ్వాలట."

డెరెక్ గారు తల ఊపారు. అందులో వింతేమీ లేనట్టు, ఒక బకెట్ బోర్లించి కోటయ్యగారి పక్కన వేసుకుని, తనూ కూర్చుని చూడసాగారు. ఇద్దరు పెద్దమనుషులూ ఒకరి మాట ఒకరికి తెలియకుండా బండి కేసి అలా చూస్తూ ఉంటే, బండికే ఇబ్బందిగా ఉండి ఉంటుందనిపించింది నాకు.

కాసేపటికి కోటయ్యగారు లేచారు. ఎడమ పక్కగా వెళ్ళి సీటు మీద నెమ్మదిగా తట్టారు. వెన్ను పొడవునా చెయ్యి రాశారు. పెట్రోలు ట్యాంకు మీద గుండ్రంగా ఒక గీత పడి ఉంటే వంగి చాలాసేపు చూశారు.

"సుడి ఉంది. మూపు మీద సుడి. మంచిదే."

"అది నా చొక్కా బొత్తాం గీసింది," అన్నారు డెరెక్ గారు, విద్యాసాగర్ చెప్పాక.

"ఎట్టా పడితే ఏంది, పడింది కదా."

తర్వాత ముందు టైరు గట్ల మధ్య వేలు పెట్టి ఒకటొకటి తడిమారు. "పళ్ళు అరగలా. ఇంకా లేతదే."

విద్యాసాగర్ ఇది కూడా చెప్పాడు. డెరెక్ గారు తల అడ్డంగా ఊపారు. బండి వయసు పదేళ్ళనీ, టైర్లు పోయినేడు మార్చాననీ అన్నారు. అది వినగానే కోటయ్యగారి మొహం మారిపోయింది. సంతల్లో ముసలి ఎద్దుకి పళ్ళు అరగదీసి అమ్మేవాళ్ళని ఆయన చూశారు గానీ, ఏకంగా పళ్ళు మార్చేవాళ్ళ గురించి విననైనా లేదు.

"పళ్ళు మార్చి, మార్చానని ఆయనే చెప్తున్నాడా?"

"అవును మామయ్యా."

కోటయ్యగారు డెరెక్ గారి వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు. డెరెక్ గారు కూడా గ్లవ్స్‌తోనే జోడించారు.

ఆ తర్వాత ప్రశ్నలు. కోటయ్యగారు తెలుగులో అడగడం, విద్యాసాగర్ సిగ్గుపడుతూ ఇంగ్లీషులో అనడం, డెరెక్ గారు బాగా ఆలోచించి జవాబివ్వడం.

"ఎంత తింటదో అడగండి."

"నిండా పోస్తే వారం. ఎత్తు ఎక్కిస్తే కాస్త ఎక్కువ."

"మనుషుల్ని కుమ్మిద్దా?"

"ఒకసారి మా బావమరిదిని గేటుకేసి అదిమింది. కానీ ఆ రోజు తప్పు వాడిదే."

"పౌరుషం ఉందన్నమాట. నీళ్ళంటే బెదురుద్దా?"

"వాగు దాటుతుంది. మరీ లోతైతే ఆగిపోతుంది."

"తెలివిగల్ది," అన్నారు కోటయ్యగారు.

ఇక నడక చూడాలన్నారు. డెరెక్ గారు స్టార్టు చేస్తే రెండు దగ్గులు దగ్గి అందుకుంది. ఆయనే ఎక్కి అటు చివరిదాకా తోలి, మళ్ళీ ఇటు తెచ్చారు. కోటయ్యగారు పంచె ఎగ్గట్టి బురదలో జాడలు చూసుకుంటూ వెళ్ళారు. ముందు కాలు వేసిన చోటే వెనక కాలు పడితే ఎద్దు మేలుజాతిదట. నాలుగు చక్రాల బండికి వెనక చక్రం ముందు చక్రం జాడలో కాక ఇంకెక్కడ పడుతుంది? ఆయన మాత్రం బురద పంచెతో తిరిగొచ్చి, సంతోషం బయటికి కనపడకుండా పళ్ళు బిగబట్టుకుని, "పర్లేదు" అన్నారు.

విద్యాసాగర్ నవ్వకుండా ఉండటానికి ఆకాశం వైపు చూస్తున్నాడు.

ఇక ధర. కోటయ్యగారు భుజం మీది తువ్వాలు తీశారు.

"ధర నోటితో అనగూడదు. పక్కన విన్నోళ్ళు చెడగొడతారు. గుడ్డ కింద చేతులు పట్టుకోవాల. మణికట్టు పడితే వెయ్యి. ఒక్కో వేలూ ఒక్కో వంద. ఆయనకి చెప్పండి."

విద్యాసాగర్ చెప్పాడు. డెరెక్ గారు చుట్టూ చూశారు. అక్కడ నేను, ఒక కోడిపెట్ట తప్ప ఎవరూ లేము. కోటయ్యగారు కూడా నా వైపు చూశారు. నేను లేచి కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నాను.

వెనక ఏం జరిగిందో తర్వాత విద్యాసాగర్ చెబితే తెలిసింది. డెరెక్ గారు మర్యాదగా కుడిచెయ్యి తువ్వాలు కిందికి పోనిచ్చి, ఆ చాటునే గ్లవ్ తీశారు. కోటయ్యగారు ఆయన మణికట్టు పట్టి, రెండు వేళ్ళు నొక్కారు. పన్నెండు వందలు. డెరెక్ గారు తల అడ్డంగా ఊపి, తన మణికట్టు మళ్ళీ అందించి, చెయ్యి మొత్తం బారజాపి కోటయ్యగారి చేతిలో పెట్టారు. కోటయ్యగారు తడిమారు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. అక్కడితో అయిపోయాయి. ఇంకోసారి తడిమారు. అంతే ఉన్నాయి.

"ఖాయం," అన్నారు. తువ్వాలు తీసి దులిపి భుజాన వేసుకున్నారు. "పదమూడు వందలు. ఇచ్చెయ్యండి అల్లుడు గారూ."

విద్యాసాగర్ ఆ మాట చెబితే డెరెక్ గారు తికమకపడ్డారు. "నేను పదిహేను కదా అన్నాను."

నేనూ కుర్చీ తిప్పుకున్నాను. అందరం ఆయన చెయ్యి వైపు చూశాం. ఆయన కూడా చూసుకున్నారు. ఉంగరం వేలూ చిటికెన వేలూ లేవు. చిన్న వయసులో గడ్డి మోపులు కట్టే యంత్రంలో పోయాయట. ఇన్నేళ్ళుగా గ్లవ్ వేళ్ళలో గుడ్డపీలికలు కుక్కి వాడుకుంటూ, లేవన్న సంగతే మర్చిపోయారట.

"నా చెయ్యి పదమూడు అంది," అన్నారు చివరికి. "అంటే పదమూడే. చెయ్యి ఇచ్చాక మాట మార్చను."

విద్యాసాగర్ తెలుగులో చెప్పాడు. కోటయ్యగారు ఒప్పుకుంటారనుకున్నాను. ఒప్పుకోలేదు.

"అదెట్టా కుదురుద్ది? ఆ రెండు వేళ్ళూ ఊరికే పొయ్యాయా? పని చేస్తా పొయ్యాయి. వాటి కూలి మనం ఎగ్గొడతామా? పదిహేనే ఇవ్వండి."

"పదమూడు," అన్నారు డెరెక్ గారు.

"పదిహేను."

"పోయిన వేళ్ళకి జీతమేంటని చెప్పు ఆయనకి."

"ఉన్న వేళ్ళ కంటే పోయిన వేళ్ళకే ఎక్కువ ఇయ్యాలని చెప్పండి ఆయనకి."

అమ్మేవాడు తగ్గిస్తుంటే కొనేవాళ్ళు పెంచుతున్నారు. ఇటు అనువదించి, అటు అనువదించి విద్యాసాగర్‌కి చెమట పట్టింది. చివరికి డెరెక్ గారే లోపలికెళ్ళి నలుగురికీ టీ పెట్టి తెచ్చారు. టీ తాగాక చెరో వేలు వదులుకున్నారు. పద్నాలుగు వందలు. విద్యాసాగర్ డబ్బిచ్చాడు. నాకు ప్రాణం కుదుటపడింది. బండికి కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టడానికి ఒక రాయి చూసుకుంటున్నాను.

డెరెక్ గారు జేబులోంచి తాళం చెవి తీసి విద్యాసాగర్‌కి ఇవ్వబోయారు.

"ఆగండి," అన్నారు కోటయ్యగారు. "అది తీసుకోబాకండి."

"తాళం మామయ్యా. బండి తాళం."

"తెలుసులెండి. అది ఎక్కడ పెట్టేవాడో అడగండి."

వంటింటి గోడకి, తన భార్య కొట్టిన మేకుకి తగిలించేవాడినని డెరెక్ గారు చెప్పారు.

"చూశారా. ఇంటి లోపల, గోడకి. అది ఈ ఇంటి పలుపు. గొడ్డుని అమ్మినోడు పలుపు ఇయ్యడు, కొన్నోడు అడగడు. పలుపుతో పాటు ఇంటి లక్ష్మి కూడా ఎల్లిపోద్ది. గొర్రెలు పొయ్యాయి, ఇల్లాలు పొయ్యింది, ఇంకా ఆ మనిషి ఇంట్లోంచి నేను ఇది కూడా పట్టుకుపోతానా? కొత్త పలుపు మనమే తెచ్చుకోవాల. తెచ్చాగా నేను."

సంచిలోంచి నీలం నైలాన్ తాడు తీశారు. హైమ బట్టలు ఆరేసుకునే తాడు. దాన్ని బండి హ్యాండిల్‌కి ముడేసి, "హై" అని లాగారు. బండి గేరులో ఉంది, కదల్లేదు. ఏదో మన ఆచారమనుకుని డెరెక్ గారు సాయంగా గేరు తీసేశారు. అక్కడి నుంచి గేటు దాకా పల్లం. బండి కదిలింది. ముందు కోటయ్యగారు నడిచారు. తర్వాత పరిగెత్తారు. పంచె, తాడు, వెనక బండి, దాని పక్కన పరిగెడుతూ డెరెక్ గారు, కోడిపెట్ట అరుపులు. నేను కొబ్బరికాయ గుండెకి హత్తుకుని ఆంజనేయస్వామిని తలుచుకున్నాను. గేటుకి కొంచెం ముందు డెరెక్ గారు చెయ్యి చాచి బ్రేకు పట్టేశారు.

కోటయ్యగారు రొప్పుతూ, "మెత్తగా నడుస్తంది," అన్నారు.

అప్పుడు విద్యాసాగర్ డెరెక్ గారికి పలుపు సంగతంతా వివరించాడు. ఆయన బండి సీటు మీద కూర్చుని విన్నారు.

"నా ఇంటి అదృష్టం గురించా ఆయన ఇంత పరిగెత్తింది?"

"అవునండీ."

డెరెక్ గారు తాళం చెవి వైపు చూశారు. "అయితే ఇది నేనివ్వను," అన్నారు. జేబులో వేసుకున్నారు. ఇంకో జేబులోంచి డబ్బు తీశారు. "తాళం లేకుండా బండి అమ్మడం మోసం. నేను చెయ్యలేను. నీ డబ్బు తీసుకో బాబూ."

నోట్లు విద్యాసాగర్ చేతిలో పెట్టారు. తాళం తీసుకోనని ఈయన, తాళం ఇవ్వకుండా అమ్మనని ఆయన. ఇద్దరూ ఎదుటి మనిషి మేలు కోసమే పట్టుబట్టారు. అటూ ఇటూ ఇంత మంచితనం పేరుకుంటే మధ్యలో మనిషి ఎటు కదలాలి? నేను విద్యాసాగర్ మొహం చూశాను. అలాంటి మొహం అతనికెప్పుడూ లేదు.

"మామయ్యా, మీరు చేస్తున్నది తప్పు," అన్నాడు.

కోటయ్యగారు తాడు వదిలేశారు.

"సోమవారం పొలం పోతుంది నాకు. నా నడుం పోయింది, ఇంక ఆ పెట్టెలు మొయ్యలేను. దీని కోసం ఎంత తిరిగానో హైమని అడగండి." ఇంగ్లీషులోకి మారాడు. "డెరెక్ గారూ, మీదీ తప్పే. నేను అడగకుండానే లోపాలన్నీ చెప్పారు, నేను అడిగింది మాత్రం ఇవ్వనంటున్నారు." కాస్త ఊపిరి తీసుకున్నాడు. "సారీ. ఇద్దరికీ సారీ. ఆంటీ, మీక్కూడా."

కోటయ్యగారు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "అల్లుడు గారు నన్ను తప్పన్నారమ్మా," అన్నారు. కోపంగా కాదు. కొడుకు మొదటిసారి బండి తోలడం చూసిన తండ్రి అన్నట్టు అన్నారు.

డెరెక్ గారు లేచి టోపీ సర్దుకున్నారు. పొలం ఎక్కడని అడిగారు. విద్యాసాగర్ చెప్పాడు. చేల గట్ల వెంబడే పోవచ్చు, రోడ్డెక్కక్కర్లేదన్నారు.

"తాళం నాది. బండి నీది. నేనే తోలుకొచ్చి నీ పొలంలో దింపితే మీ మామగారికి అభ్యంతరమా?"

కోటయ్యగారు ఆలోచించారు. "అమ్మినోడు తోలుకొచ్చి కొన్నోడి కొట్టంలో కట్టేసి పోవడం ఉంది. అది మంచి పద్ధతే."

"మరి రేపు పొద్దున ఎవరు స్టార్టు చేస్తారు మామయ్యా?"

"నేనొస్తా," అన్నారు డెరెక్ గారు, అడక్కుండానే. "నాకు పొద్దుటి పూట వేరే పనేమీ లేదు. నీ కొత్త తాళం వచ్చేదాకా వస్తా."

డబ్బు మళ్ళీ ఆయన జేబులోకి వెళ్ళింది. కొబ్బరికాయ కొట్టాను. ఒక చిప్ప డెరెక్ గారికిస్తే టోపీ తీసి అందుకున్నారు.

సోమవారం విద్యాసాగర్ పొలం ఉంచుకుంటున్నానని ఆసామికి ఫోను చేశాడు. ఊళ్ళో తాళాలు చేసేవాడు, అంత పాత బండికి తాళం కంపెనీ నుంచి తెప్పించాలన్నాడు. అది వచ్చేదాకా డెరెక్ గారు రోజూ పొద్దున్నే వచ్చి స్టార్టు చేసి, తన పాత ట్రెయిలర్ తగిలించి, తనే పెట్టెలు ఎక్కించి, తనే గేటు దాకా తోలేవారు. విద్యాసాగర్‌ని వంగనిచ్చేవారు కాదు. కొత్త తాళం వచ్చింది. ఆ సంగతి చెబితే మంచిదన్నారు. మర్నాడు, అది సరిగ్గా పడుతోందో లేదో చూడటానికొచ్చారు. ఆ మర్నాడు బేరింగు మార్చడానికొచ్చారు. తర్వాత కారణం చెప్పడం మానేసి ఊరికే వచ్చారు. కోటయ్యగారు వీసా అయిపోయేదాకా ట్రెయిలర్లో పెట్టెల మధ్య కూర్చుని ఆయనతో తెలుగులో మాట్లాడేవారు. ఆయన ఇంగ్లీషులో జవాబిచ్చేవారు. ఇద్దరికీ ఏ లోటూ ఉన్నట్టు కనిపించలేదు.

ఆకులు రాలే రోజుల్లో పొలం ఆసామి కౌలు సంగతి మాట్లాడటానికొచ్చాడు. ఆకుకూర కోసం వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. డెరెక్ గారు బండి మీద, విద్యాసాగర్ దాని వెనక చేతులూపుకుంటూ నడిచి రావడం చూసి ఆసామి అడిగాడు.

"బండి ఎవరిది?"

"అతనిది," అన్నారు డెరెక్ గారు.

"తాళం?"

"నాది."

ఆసామి అసలు మాటకొచ్చాడు. ఈసారి మూడేళ్ళకి రాస్తానన్నాడు, కౌలు మాత్రం కాస్త పెంచాలన్నాడు. విద్యాసాగర్ ఒప్పుకోవడానికి నోరు తెరిచాడు. డెరెక్ గారు చెయ్యి అడ్డం పెట్టి బండి దిగారు.

"ఆ మూల నీళ్ళు నిలుస్తున్నాయి. కంచె పడిపోయింది. గేటు కీలు విరిగితే తాడుతో కట్టుకున్నాం. బాటంతా బంకమట్టి. ఇంకా చెప్పనా?"

ఇంకా చాలాసేపు చెప్పారు. చివరికి కౌలు పెరగలేదు సరికదా, గేటు ఆసామే బాగుచేయించేటట్టు మాటైంది. విద్యాసాగర్ మూడేళ్ళకి సంతకం పెట్టి, ఆసామి ఎక్కడ నొచ్చుకుంటాడోనని కారు దాకా వెంటబడి వెళ్ళి రెండు గోంగూర కట్టలు సీట్లో పెట్టొచ్చాడు.